వెళ్ళొస్తానంది కదా

ఆట విడుదలై పట్టుమని పది రోజులు కాలేదు, ఆడినవాళ్ళంతా ఒకటే గోల. ఇది ఇంకా పూర్తి కాలేదు, ఉడికీ ఉడకనిది తెచ్చి వడ్డించారు అని. లోకం సంగతి తెలిసిందే, ఏది చేతిలో పెట్టినా వంకలు వెతుకుతుంది. ఆకులు కదలడం లేదనో, గుర్రాలు గోడల్లోంచి దూరిపోతున్నాయనో అన్నారంటే ఓ అర్థముంది. అలా అన్నవాళ్ళూ ఉన్నారు, కాదనను. కానీ ఎక్కువమంది రాసింది ఒక్కటే మాట: "దీపాలావిడ ఇంకా రాలేదు."

ఎవరీ దీపాలావిడ? ఆన్‌లైన్లో ఎక్కడెక్కడి జనమో కలిసి ఆడే ఆట అది. అందులో రేవు పక్కన ఒక సత్రం, ఆ సత్రంలో దీపాలు వెలిగించే ఆవిడ. తుఫాను పూట పడవలకి దారి చూపించడానికి లాంతరు పట్టుకుని, ఒక్క మాట చెప్పి, బయటికి వెళ్తుంది. అంతే. కథ రాసినాయన ఆవిణ్ణి అక్కడితో సముద్రంలో కలిపేశాడు. మళ్ళీ వచ్చే ఘట్టం లేదు. తలుపవతల నేల కూడా గీయలేదు. తెరిచి చూస్తే అటువైపు ఉన్నది బూడిదరంగు, ఇంకేమీ లేదు. అలాంటిది, ఆడేవాళ్ళు రాక్షసుల వేట మానేసి, నిధుల సంగతి మర్చిపోయి, కత్తులు ఒళ్ళో పెట్టుకుని ఆ గదిలో గోడల వెంట కూర్చున్నారు. ఆవిడ కోసం ఎదురుచూస్తున్నారట!

"ఎందుకు కూర్చున్నారు? ఎవరు కూర్చోమన్నారు?" అని మేడమ్ బల్ల గుద్దింది. ఆట మొత్తానికీ పెద్దదిక్కు ఆవిడే. బల్ల చుట్టూ ఉన్నవాళ్ళు ఎవరి గోళ్ళు వాళ్ళు చూసుకున్నారు.

తప్పులు వెతకడమే ఉద్యోగమైన టెస్టరు మెల్లగా నోరు విప్పాడు. "స్క్రిప్టులో 'ఇక నేను వెళ్తాను' అనుంది మేడమ్. ఆటలో ఆవిడ 'వెళ్ళొస్తాను' అంటోంది. వస్తానందిగా అని కూర్చున్నారు."

"అయ్యో రామా! అది మాటవరసకి అనే మాట కదండీ!" అని కథ రాసినాయన తల పట్టుకున్నాడు. "ప్రతివాడూ అంటాడు. దాన్ని పట్టుకుని కూర్చుంటారా?"

"కూర్చున్నారుగా!" అంది మేడమ్.

అందరి చూపులూ మూలనున్న మనిషి మీద పడ్డాయి. ఆఫీసులో అతన్ని చెవులాయన అంటారు. ఆటలోని గాలి, వాన, అడుగుల చప్పుడు, తలుపుల కిర్రు, మనుషుల గొంతులు, అన్నీ అతని చెవిలోంచి వెళ్ళాకే బయటికి వెళ్ళాలి. బక్కపలచని మనిషి. మాట్లాడేదే తక్కువ, ఆ తక్కువ కూడా మెడలోని హెడ్‌ఫోన్లు సర్దుకుంటూ మాట్లాడతాడు.

"అది డమ్మీ గొంతు మేడమ్" అన్నాడు. అసలు నటులు దొరికేదాకా బొమ్మ పెదాలకీ మాటకీ పొత్తు కుదిరిందో లేదో చూసుకోవడానికి, చేతికందినవాళ్ళతో చదివించి పెట్టుకునే గొంతు. విడుదలకి ముందు తీసేసి అసలుది పెట్టాలి. "మార్చలేదు" అన్నాడు.

"ఎందుకు మార్చ..." అని మేడమ్ మొదలుపెట్టి, అది ఎవరి గొంతో గుర్తొచ్చి నాలిక్కరుచుకుంది.

ఆ గొంతు అతని భార్యది. బడిలో లెక్కలు చెప్పే మనిషి, ఖంగుమనే కంఠం. క్రితం చలికాలం ఒక మధ్యాహ్నం ఇంట్లోనే, బట్టల అల్మారాలో నిలబెట్టి చదివించాడు. మందపాటి కోట్లూ దుప్పట్లూ వేలాడుతుంటే మాట మారుమోగదు, చిన్న గొంతుల పనికి అంతకన్నా మంచి స్టూడియో లేదంటాడతను. ఆవిడ పేజీలన్నీ ఊపుగా చదివేసి, ఆ ఒక్క ముక్క దగ్గర ఆగిపోయింది.

"ఇదేమిటి, 'ఇక నేను వెళ్తాను' అనుంది?"

"ఉన్నది ఉన్నట్టు చదువు తల్లీ."

"గడప దాటేటప్పుడు వెళ్తానంటారా ఎవరైనా? వెళ్ళొస్తాననాలి."

"ఆవిడ రాదు. కథలో చచ్చిపోతుంది."

"చచ్చిపోతానని ఆవిడకి తెలుసేమిటి?"

లెక్కల టీచరమ్మవి, నీకూ ఇన్ని పట్టింపులా అని ఎగతాళి చేశాడు. పట్టింపో మర్యాదో, నువ్వు కాళ్ళావేళ్ళా పడ్డా నా నోటివెంట ఆ మాట రాదు, పో, అంది. తనకి తోచినట్టే "ఇక నేను వెళ్ళొస్తాను" అని చదివేసి, బయటికి రాబోతుంటే గాజులు అల్మారా తలుపుకి తగిలాయి. చిన్నగా దగ్గింది. అప్పుడప్పుడే మొదలైన దగ్గు. చలికాలం దగ్గుని ఎవరు పట్టించుకుంటారు! అది ముదిరి ఊపిరితిత్తులకి పాకింది. ఆస్పత్రికి తన కాళ్ళమీద తనే నడిచి వెళ్ళింది, తల్లికి ఆ మాటే చెప్పి వెళ్ళింది. తిరిగి రాలేదు.

గొంతు మార్చమని ఎవరైనా అడిగితే "తర్వాత చూద్దాం" అన్నాడు. అడగడం వాళ్ళూ మానేశారు. విడుదల వచ్చి నెత్తిన కూర్చుంది.

ఇంకొకటుంది, అది అతనికి మాత్రమే తెలుసు. మాట అయిపోయాక వెనక మిగిలే చప్పుళ్ళని, అంటే రికార్డింగు తోకని, కత్తిరించాలి. ఆ పనిలో ఉన్న పసివాడికైనా తెలుసు. అతను కత్తిరించలేదు. కత్తిరించాలంటే ముందు వినాలి, అది అతనివల్ల కాలేదు. మామూలుగా ఆడేవాళ్ళు ఆ మాట చెవిన పడగానే కథ వెంట పరుగెడతారు కనక తోక ఊసు ఎవరికీ తెలియలేదు. కూర్చున్నవాళ్ళకి తెలిసింది. మూసిన తలుపవతల గాజులు తగిలిన చప్పుడు. ఎవరో దగ్గుతారు. కాసేపు ఎవరో ఊపిరి తీస్తున్నట్టు ఉంటుంది. ఆగుతుంది. తోక తిరిగి మొదలై మళ్ళీ గాజులు. తలుపు తీస్తే బూడిదరంగు. మూస్తే మళ్ళీ దగ్గు. "ఆవిడ బయటే ఉంది, లోపలికి రానివ్వండి" అని వాళ్ళు కంపెనీకి రాశారు. అది చదువుతుంటే టెస్టరు లాంటి మొండివాడికే ఒళ్ళు జలదరించిందట.

అందరూ వెళ్ళాక మేడమ్ అతని పక్కన కుర్చీ లాక్కుని కూర్చుంది. "కొత్తమనిషిని తెచ్చి మళ్ళీ అన్నీ చదివించే టైము లేదు. ఉన్నదాంట్లోంచే కోసి అతకగలవా?" అని అడిగింది. గొంతులో గద్దింపు లేదు. "నువ్వు చెయ్యలేనంటే ఇంకొకళ్ళకి చెప్తాను."

"ఇంకెవరూ ముట్టుకోవద్దు. నేనే చూస్తాను" అన్నాడు.

ఇంటికొస్తే అక్కడా అదే దగ్గు!

అతని అత్తగారి సంగతి చెప్పాలి. పోస్టాఫీసులో పనిచేసి రిటైరైన మనిషి. కూతురు పోయాక, "నువ్వు వంట మొదలెడితే ఇల్లు తగలబడుతుంది" అని అల్లుడి దగ్గరే ఉండిపోయింది. ఆట విడుదలైన రోజు అతను హెడ్‌ఫోన్లు పెట్టుకోకుండా ఆ ఘట్టం తెరిచాడు. గొంతు విని ఆవిడ వంటింట్లోంచి తడిచేతులతో పరుగెత్తుకొచ్చి, గది నాలుగు మూలలూ చూసి, "ఏదీ?" అంది. ఆ "ఏదీ" అతన్ని ఇంకా వదల్లేదు.

వెర్రిబాగుల మనిషి కాదు. అది ఆటనీ, ఎప్పుడో చదివిన మాటనీ ఆవిడకి తెలుసు. తెలిసీ ఆ మర్నాడే ఆట నేర్పమని కూర్చుంది. బొమ్మని ఎంచుకోమంటే ఎలుగుబంటిని ఎంచుకుంది. "ఆ ఆడబొమ్మల ఒంటిమీద నూలుపోగు లేదు. ఎలుగ్గొడ్డే నయం, ఒళ్ళంతా బొచ్చయినా ఉంది" అంది. పొద్దున పనులు తెముల్చుకోగానే కంప్యూటరు ముందు చేరుతుంది. దీపాలావిడ మాట చెప్పి వెళ్తుంది. ఎలుగుబంటి గోడకి చేరగిలబడి కూర్చుంటుంది. ఆ గాజులూ, ఆ దగ్గూ ఇల్లంతా వినిపిస్తుంటాయి.

ఆ సాయంత్రం అతను వెనకనుంచి తెర మీదకి తొంగిచూశాడు. గది కిక్కిరిసి ఉంది. ఒక నక్కముఖంవాడు అడుగుతున్నాడు: "నిజంగా వస్తుందంటారా మామ్మగారూ?" అత్తగారు ఒక్క వేలితో, ఒక్కో అక్షరం వెతుక్కుంటూ కొడుతోంది. తెరమీద ఎలుగుబంటి తల పైన మాట పూర్తయింది: "వస్తానంది కదా నాయనా. మాట తప్పే పిల్ల కాదు."

"అత్తయ్యా! వీళ్ళందర్నీ కూర్చోబెట్టింది మీరా?"

"నేనెందుకు కూర్చోబెడతాను? అడిగారు, చెప్పాను. కూర్చున్నారు."

"మా ఆఫీసు అట్టుడికిపోతోంది! అది రికార్డు అత్తయ్యా. రాదు."

"ఆ మాత్రం నాకు తెలియదా? వస్తుందని నేనన్నానా? వస్తానంది అన్నాను. అందా, లేదా?"

"అంది."

"మరింకేం?" అని ఆవిడ మళ్ళీ తెరవైపు తిరిగింది.

అతను వంటింట్లోకి వెళ్ళి కొళాయి పూర్తిగా తిప్పి నిలబడ్డాడు. నీళ్ళ హోరులో దగ్గు వినిపించదు. ఇంటికి రాగానే రోజూ చేసే పని అదే. భార్య పోయిన దుఃఖం ఒక ఎత్తు, పోకుండా తలుపవతల ఉండిపోవడం ఇంకో ఎత్తు. ఆవిడ ఇక వెళ్ళిపోతే బాగుండునని అతనికి అనిపించింది. ప్రాణంగా చూసుకున్న మనిషి గొంతు ఆగిపోతే చాలనుకున్నాడు, అలా అనుకున్నందుకు సిగ్గుపడ్డాడు, సిగ్గుపడుతూనే మళ్ళీ అదే అనుకున్నాడు.

మర్నాడు ఆఫీసులో తన గది తలుపేసుకుని ఆ రికార్డింగు తెరిచాడు. తెరమీద మాట అలలుగా పరుచుకుంది. "వెళ్ళొస్తాను"లో నడుమ చిన్న అల ఒకటుంది, "వస్తా"లో ముందు భాగం. దాన్ని తీసేసి అటుదీ ఇటుదీ దగ్గరికి జరిపితే చాలు. జరిపాడు. విన్నాడు.

"ఇక నేను వెళ్తాను" అంది అతని భార్య.

అతుకు తెలియలేదు. అంత నున్నగా కుదిరిన పని ఈమధ్య అతని చేతిలో పడలేదు. చెయ్యి వణకలేదు కూడా, అదే వింతగా అనిపించింది. తర్వాత తోక, గాజులూ, దగ్గూ, ఊపిరీ, అన్నీ కత్తిరించి పంపించేశాడు. అప్‌డేట్ వెళ్ళిన కాసేపటికే సత్రం గది ఖాళీ కావడం మొదలైంది. "హమ్మయ్య, కదిలారు!" అని టెస్టరు కేకేశాడు. మేడమ్ వచ్చి అతని భుజం తట్టింది. కథ రాసినాయన కాఫీ తెచ్చిచ్చాడు. అతను ఆ కాఫీ తాగలేక కిటికీలో పెట్టి, పెందలాడే ఇంటికి బయల్దేరాడు.

ఇల్లు నిశ్శబ్దంగా ఉంది. అతను కోరుకున్న నిశ్శబ్దమే. అత్తగారు కంప్యూటరు ముందు చేతులు ఒళ్ళో పెట్టుకుని కూర్చుంది. తెరమీద గదిలో ఎలుగుబంటి తప్ప ఇంకెవరూ లేరు.

"బాబూ, ఇలా రా. ఇదెవరు?" అంది.

"ఎవరేమిటి అత్తయ్యా, రోజూ ఉండే ఆవిడేగా."

"కాదు. గొంతు దానిదే, మనిషి అది కాదు." వేలెత్తి తెరని చూపించింది. "నా కూతురు చచ్చినా ఆ మాట అనదు."

అనేశాక ఆ మాట ఇద్దరికీ వినబడింది. ఆవిడ నోటికి చెయ్యడ్డం పెట్టుకుంది. అతను అక్కడే గోడకి ఆనుకుని నేలమీద కూలబడ్డాడు.

"నేనే కోశాను అత్తయ్యా."

"ఏ ముక్క తీశావు?"

ఆవిడ పెదాలు కదిలిస్తూ తనే లెక్క చూసుకుంది. వెళ్ళొస్తాను, వెళ్తాను. మళ్ళీ ఇంకోసారి అనుకుంది. "రావడం తీసేశావా?" అంది.

"భరించలేకపోతున్నాను. పొద్దస్తమానం ఆ తలుపవతల దగ్గుతుంటే, ఇంట్లో అడుగుపెట్టాలంటే భయమేస్తోంది. వెళ్ళిపోతే బాగుండుననుకున్నాను. నా పెళ్ళాన్ని నేనే పొమ్మన్నాను అత్తయ్యా" అని వెక్కి వెక్కి ఏడ్చాడు.

తిడుతుందనుకున్నాడు. తిట్టినా బాగుండేది. ఆవిడ కుర్చీ దిగి అతని పక్కనే చతికిలబడింది. "నేను మాత్రం భరిస్తున్నానా నాయనా? అక్కడ కూర్చుంటే అది పక్కగదిలో ఉన్నట్టుంటుంది, లేచొచ్చాక గుండె పిండేస్తుంది. అయినా వెళ్తున్నాను. నీకింత కష్టంగా ఉందని ఒక్క ముక్క చెప్తే మానేసేదాన్ని కదా" అంది. కొంగుతో మొహం తుడుచుకుంది. "సరే. ఎవరో ఒకరు ఆ మాట అనక తప్పదంటావు, అంతేగా? దాని నోట్లోంచి తీసెయ్. నా గొంతు పెట్టు. నేనంటాను. ఈ వయసులో నాకేం భయం!"

మర్నాడు సెలవు. పొద్దున్నే అల్మారా తెరిచి, కోట్ల మధ్య మైకు వేలాడదీసి, అత్తగారిని లోపల నిలబెట్టి తలుపు దగ్గరగా వేశాడు. బయట హెడ్‌ఫోన్లు పెట్టుకుని కూర్చున్నాడు. ఆవిడ లోపల గొంతు సవరించుకుంది. అంతే, అతని ఒళ్ళు గగుర్పొడిచింది. తల్లీకూతుళ్ళ గొంతులు ఒకటేనని ఎదురుగా మనిషి కనపడుతున్నన్నాళ్ళూ అతను గమనించనేలేదు. తలుపవతల నిలబడింది ఇంకో పాతికేళ్ళు బతికిన అతని భార్య.

"చెప్పండి అత్తయ్యా."

"ఇక నేను వెళ్ళొస్తాను. ఛీ, అదే వచ్చేసింది. ఉండు."

మళ్ళీ చెప్పింది. మళ్ళీ అదే వచ్చింది. మెల్లగా కూడబలుక్కుని, "ఇక నేను... వెళ్... వెళ్ళొస్తాను" అని, "పాడు నోరు! మాటలొచ్చినప్పటినుంచీ ఒకటే అలవాటు, ఇప్పుడు తిరగమంటే తిరుగుతుందా?" అని లోపల్నుంచి నవ్వింది. అతనికీ నవ్వొచ్చింది. ఆ ఇంట్లో నవ్వు వినబడి ఎన్నాళ్ళయిందో.

కోట్లు కదిలాయి. అప్పుడు హెడ్‌ఫోన్లలో, చెవికి ఆనించి చెప్పినంత దగ్గరగా, తొణకని గొంతు: "ఇక నేను వెళ్తాను."

"వెళ్ళిరండి!"

అతను అనలేదు, అతని నోరు అనేసింది. కేకలాగా అనేసింది. హెడ్‌ఫోన్లు లాగి పారేసి, అల్మారా తలుపు తెరిచి, ఆవిడ రెండు చేతులూ పట్టుకున్నాడు.

"అయ్యో, పాడుచేశావు కదా బాబూ! బాగా వచ్చింది కదా. నీ గొంతు కూడా పడిపోయుంటుంది అందులో."

"పడితే పడనివ్వండి. మళ్ళీ అనొద్దు. ఇంకెప్పుడూ అనొద్దు. మీరు కూడా వెళ్తే నేనేమైపోవాలి?"

ఆవిడ అతని మొహంలోకి చూసింది. పక్కన వేలాడుతున్న కూతురి కోటు చేతితోనే అతని కళ్ళు తుడిచింది. "నా చేత అనిపించలేనివాడివి దాని చేత ఎలా అనిపించావురా పిచ్చి నాయనా" అంది. అందులో కోపం లేదు.

అక్కడినుంచే మేడమ్‌కి ఫోన్ చేశాడు. "పాత రికార్డింగే మళ్ళీ పెట్టేస్తున్నాను."

"మతుండే మాట్లాడుతున్నావా? ఆట పూర్తికాలేదని మళ్ళీ మొదలెడతారు!"

"అననివ్వండి మేడమ్. వాళ్ళన్నది అబద్ధమేం కాదు."

మేడమ్ చడామడా తిట్టింది. మధ్యలో ఎందుకో ఆగింది. "ఆ దగ్గు కూడానా?" అని అడిగింది.

"అదీ."

"నీ ఖర్మ" అని పెట్టేసింది. ఆ తర్వాత కాదనలేదు.

మధ్యాహ్నానికల్లా పాత గొంతు వెళ్ళిపోయింది ఆటలోకి. అత్తగారు భోజనాలవగానే తన కుర్చీలో చేరింది. అతను కాసేపు ఇల్లంతా తిరిగాడు. వంటింటి గుమ్మం దాకా వెళ్ళి వెనక్కొచ్చాడు. చివరికి పడగ్గదిలో తన లాప్‌టాప్ తెరిచి, అన్నేళ్ళు తను శబ్దాలు పోసిన ఆటలోకి మొట్టమొదటిసారి ఆడేవాడిగా వెళ్ళాడు. బొమ్మని ఎంచుకునే ఓపిక లేక, అది ఇచ్చిన బక్క మనిషినే తీసుకుని, తల పైన కనబడే పేరు మాత్రం తనదే పెట్టుకున్నాడు. రేవు దాటి సత్రం తలుపు తోశాడు.

ఎవరు ఎవరికి చెప్పారో, జనం అప్పుడే తిరిగొచ్చేశారు. కత్తులవాళ్ళు, కిరీటాలవాళ్ళు, తోకలవాళ్ళు, కాలు పెట్టే సందు లేదు. దీపాలావిడ తన మాట తను చెప్పి, లాంతరు తీసుకుని వెళ్ళింది. తలుపు మూసుకుంది. గాజులు వినబడ్డాయి. అతను ఎటు వెళ్ళాలో తెలియక గుమ్మంలోనే నిలబడిపోయాడు.

పక్కగదిలో అత్తగారి వేలు ఒక్కో అక్షరం వెతుక్కుంటున్న చప్పుడు గోడలోంచి వినిపిస్తోంది. తెరమీద ఎలుగుబంటి తల పైన మాటలు మెల్లగా వచ్చాయి: "కాస్త జరగండి నాయనా. మా అల్లుడొచ్చాడు."

కత్తులవాళ్ళు జరిగారు. నక్కముఖంవాడు లేచి వెనక్కి వెళ్ళాడు. ఎలుగుబంటి పక్కన ఒక మనిషికి సరిపడా చోటు దొరికింది. అతను వెళ్ళి కూర్చున్నాడు.